హోవార్డ్ అమ్మాయిల బైఠాయింపు: పాత కాగితాల్లో వెతికిన నా అనుభవం

మేరీలాండ్‌లో లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. ఆర్కైవ్స్ కోర్సులో మా మేడమ్ ఒక పని అప్పజెప్పారు. అమెరికాలో జరిగిన ఏదైనా విద్యార్థి ఉద్యమాన్ని ఎంచుకుని, దాని మీద తర్వాతి తరాల వాళ్లు రాసిన పుస్తకాలు పక్కనపెట్టి, ఆ ఉద్యమంలో ఉన్నవాళ్ల రాతలే చదివి, ఎవరు ఏం చేశారో వరసగా రాసుకురావాలి. క్లాసులో ఎక్కువమంది 1960 నాటి గ్రీన్స్‌బరో లంచ్ కౌంటర్ ఉద్యమం, అంటే తెల్లవాళ్లకే వడ్డించే కౌంటర్ల దగ్గర నల్ల విద్యార్థులు కూర్చున్న ఉద్యమం, తీసుకున్నారు. నేను వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీ తీసుకున్నాను. కమలా హారిస్ చదివిన చోటు అంటే మనవాళ్లకి వెంటనే తెలుస్తుంది. గ్రీన్స్‌బరోకి పదిహేడేళ్ల ముందే, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడే, ఆ క్యాంపస్ పిల్లలు నల్లవాళ్లకి తిండి పెట్టని హోటళ్లలోకి వెళ్లి కూర్చున్నారు. ముందుండి నడిపినవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలు. తెలుగులో దీని గురించి చదివిన గుర్తు నాకు లేదు. అందుకే క్లాసు పని అయిపోయినా వదలబుద్ధి కాక ఇక్కడ రాస్తున్నాను.

ముందు దొరికింది ఒక పత్రిక వ్యాసం. ఎన్‌ఏఏసీపీ అనే నల్లజాతి హక్కుల సంఘం నడిపే ‘ది క్రైసిస్’ 1944 నవంబర్ సంచికలో పౌలీ మర్రే రాసింది. ఆ పత్రిక పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగా చదవొచ్చు. మర్రే అప్పటికి హోవార్డ్ లా స్కూల్ నుంచి కొత్తగా బయటికొచ్చింది. ఆ క్లాసులో ఒకే ఒక్క అమ్మాయి, ఫస్ట్ వచ్చింది కూడా తనే. లా చదువుతూనే డిగ్రీ అమ్మాయిలకి సలహాదారుగా ఉండి ఈ ఉద్యమాన్ని నడిపింది. అంతకుముందే 1938లో నార్త్ కరోలినా యూనివర్సిటీ నల్లపిల్ల అని ఆమెకి సీటు ఇవ్వలేదు. 1940లో వర్జీనియాలో బస్సులో వెనక విరిగిపోయిన సీటులో కూర్చోమంటే కూర్చోనన్నందుకు స్నేహితురాలితో పాటు జైలుకెళ్లింది. ఇప్పుడామె బొమ్మ 2024లో వచ్చిన పావు డాలర్ నాణెం మీద ఉంది. లాండ్రీ మెషిన్‌లో వేయడానికి చిల్లర తీసుకుంటే నాకొకటి వచ్చింది. దాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకున్నాను.

ఆ రోజుల వాషింగ్టన్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అక్కడ బస్సుల్లో, ట్రాముల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కనే కూర్చోవచ్చు. కానీ డౌన్‌టౌన్‌లో ఆకలేస్తే యూనియన్ స్టేషన్, కొన్ని ప్రభుత్వ క్యాంటీన్లు లాంటి చోట్లు తప్ప నల్లవాళ్లకి కూర్చోబెట్టి వడ్డించే హోటల్ దాదాపు లేదు. అలా చేయమని చట్టమేమీ లేదు, ఆనవాయితీ అంతే. మరోవైపు ప్రజాస్వామ్యం కోసం యుద్ధం అని ప్రభుత్వం రోజూ చెబుతోంది. నల్ల కుర్రాళ్లని సైన్యంలోకి పిలుస్తోంది, పిలిచి వేరే దళాల్లో పెడుతోంది. రక్తదానంలో కూడా నల్లవాళ్ల రక్తాన్ని వేరుగా ఉంచేవారు. రక్తంలోని ప్లాస్మాను నిల్వచేసి యుద్ధ రంగానికి పంపే పద్ధతిని తీర్చిదిద్దిన చార్లెస్ డ్రూ ఆ సమయంలో హోవార్డ్‌లోనే సర్జరీ ప్రొఫెసర్. ఆ క్యాంపస్‌లో చదివే పిల్లలకి రోజూ కళ్లముందు కనబడే మనిషి ఆయన. 1942లో పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక ‘డబుల్ వీ’ అనే పిలుపు ఇచ్చింది. బయట హిట్లర్ మీద ఒక గెలుపు, ఇంట్లో జాతి వివక్ష మీద ఒక గెలుపు, రెండూ కావాలని. యుద్ధం అయ్యేదాకా ఆగండి అనే పెద్దలకి ఈ పిల్లలు చెప్పిన జవాబు అదే.

1943 జనవరిలో ముగ్గురు అమ్మాయిలు, రూత్ పావెల్, మారియన్ మస్‌గ్రేవ్, వానీటా మారో, పెన్సిల్వేనియా అవెన్యూలో ఒక షాపు కౌంటర్ దగ్గర కూర్చుని హాట్ చాక్లెట్ అడిగారు. షాపు వాళ్లు ఇవ్వం అన్నారు. మేనేజర్ వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం అన్నారు వీళ్లు. షాపు వాళ్లు పోలీసుల్ని పిలిస్తే, పోలీసులొచ్చి ఇవ్వమని షాపు వాళ్లకే చెప్పారు. తీరా బిల్లు చూస్తే పది సెంట్ల కప్పుకి పాతిక సెంట్లు వేశారు. అమ్మాయిలు ఎక్కువ డబ్బు ఇవ్వకుండా లేచారు. వెంటనే అరెస్టు చేసి, సోదా చేసి, లాకప్‌లో పెట్టారు. తర్వాత కేసు లేకుండా క్యాంపస్ పెద్దలకి అప్పజెప్పి పంపేశారు.

ఇది చదివిన రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నాన్నది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. వాళ్ల చిన్నతనంలో టీ కొట్టు దగ్గర మా వాడ వాళ్లకి వేరే గ్లాసులు ఉండేవి. కొట్టు చూరులో దోపి ఉంచేవారట. తీసుకుని, కడుక్కుని, టీ పోయించుకుని, దూరంగా నిలబడి తాగి, మళ్లీ కడిగి చూరులో పెట్టి రావాలి. నాన్న అంతా విని, “రేటు మనకీ అదే తీసుకునేవాళ్లు అమ్మా, గ్లాసే వేరు” అన్నారు. కాసేపాగి, “ఆ పిల్లల్ని వాళ్ల ఇళ్లల్లో ఏమనలేదా?” అని అడిగారు. జైలు మాట వినగానే తండ్రికి తట్టే ప్రశ్న అది. వాళ్ల ఇళ్లల్లో ఏం జరిగి ఉంటుందో అని నాక్కూడా అప్పటి నుంచే ధ్యాస పట్టుకుంది.

రూత్ పావెల్ మసాచుసెట్స్ నుంచి వచ్చిన పిల్ల. వాషింగ్టన్‌లో మొదటిసారి ఒక కౌంటర్ దగ్గర కాదనిపించుకున్నాక, ఎవరూ తోడు లేకుండా తనొక్కతే ఒక పద్ధతి మొదలుపెట్టింది. హోటల్లోకి వెళ్తుంది, మర్యాదగా అడుగుతుంది, ఇవ్వనంటే అలాగే కూర్చుంటుంది. ఒక్కోసారి గంటల తరబడి. ఆ కూర్చున్నంతసేపూ ఒక వెయిటర్‌ని ఎంచుకుని అతన్నే చూస్తుంది. మొహంలో కోపం ఉండదు, నవ్వు ఉండదు. ఇదంతా ఆమె చెప్పిన మాటల్లోనే మర్రే వ్యాసంలో ఉంది. ఆ పేరా నేను మళ్లీ మళ్లీ చదివాను. ఇరవై ఏళ్ల పిల్ల, వంటరిగా, ఊరు కాని ఊళ్లో, కొట్టినా అడిగేవాళ్లు లేని చోట అంతసేపు ఎలా కూర్చుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

వ్యాసంతో ఆగితే మా మేడమ్ ఒప్పుకోరు. పౌలీ మర్రే కాగితాలన్నీ మసాచుసెట్స్‌లో, హార్వర్డ్ యూనివర్సిటీ పరిధిలో ఉన్న ష్లెసింజర్ లైబ్రరీలో ఉన్నాయి. 1944లో హోవార్డ్ నుంచి పై చదువుకి అడిగితే ఆడవాళ్లని చేర్చుకోం అని మర్రేని కాదన్నది అదే హార్వర్డ్ లా స్కూల్. ఇప్పుడు ఆమె రాసుకున్న ప్రతి కాగితాన్నీ అదే యూనివర్సిటీ వందకు పైగా పెట్టెల్లో జాగ్రత్త చేస్తోంది. ఆ లైబ్రరీకి వెళ్లడానికి నేను పెద్ద సిఫార్సులు కావాలేమో అనుకుని టెన్షన్ పడ్డాను. ఏమీ అక్కర్లేదు. అది ఎవరికైనా తెరిచే ఉంటుంది. ఆన్‌లైన్‌లో అకౌంట్ తెరిచి, పెట్టెల జాబితాలో ఏది కావాలో చూసుకుని ముందే రిక్వెస్ట్ పెట్టాలి. జాబితాను బాగా చదవడమే అసలు పని. ఏ పెట్టెలో ఏ ఫోల్డర్, ఏ సంవత్సరాలు, ఎవరితో ఉత్తరాలు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఇంట్లోనే రెండు సాయంత్రాలు దానికి కేటాయిస్తే అక్కడ సమయం కలిసొస్తుంది. కొంత భాగం స్కాన్ చేసి నెట్‌లో కూడా పెట్టారు కాబట్టి ఇండియాలో ఉన్నవాళ్లు కూడా చూడొచ్చు.

లోపలికి బ్యాగు, కోటు, పెన్ను ఏవీ రానివ్వరు. లాకర్లో పెట్టి పెన్సిల్, లాప్‌టాప్, ఫోన్‌తో వెళ్లాలి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. ఒకసారి ఒక ఫోల్డరే తెరవాలి, కాగితాల వరస మార్చకూడదు. నా ముందుకొచ్చినవి ఎక్కువగా టైపు మిషన్ కార్బన్ కాపీలు. ఉల్లిపొర లాంటి కాగితం, ఎత్తితే అవతలి వేళ్లు కనబడతాయి. ఫుల్‌స్టాప్ గట్టిగా కొట్టిన చోట కాగితానికి చిన్న బెజ్జం పడింది. చేత్తో దిద్దిన మాటలు పక్కన. మర్రే ప్రతిదానికీ కాపీ ఉంచుకునే మనిషి. పంపిన ఉత్తరాలకి కూడా. తర్వాత ఎవరో ఒకరు ఇవి చదవాల్సి వస్తుందని ఆమెకి తెలుసని నాకనిపించింది. ఆ ఓపిక లేకపోతే హోవార్డ్ పిల్లలు చేసినదాంట్లో సగం ఈపాటికి మరుగున పడిపోయేది.

బైఠాయింపు అంటే వెళ్లి కూర్చోవడమే కదా అనుకుంటాం. అక్కడికి వెళ్లే ముందు జరిగిన పని చూస్తే నాకు మతిపోయింది. 1942లోనే విలియం రెయిన్స్ అనే లా విద్యార్థి ఈ ఆలోచన చెప్పాడు: మనకి వడ్డించకపోతే వాళ్ల కుర్చీల్లో కూర్చుని చదువుకుందాం, ఆ కుర్చీ మీద వచ్చే డబ్బు పోతే వాళ్లకే తెలుస్తుందని. అది ఆచరణలోకి రాకముందే అతన్ని సైన్యంలోకి తీసుకెళ్లిపోయారు. క్యాంపస్ నుంచి మగపిల్లలు ఒక్కొక్కరే అలా వెళ్లిపోతుంటే పని అమ్మాయిల చేతికొచ్చింది. ముగ్గురు అమ్మాయిల అరెస్టు తర్వాత ఎన్‌ఏఏసీపీ విద్యార్థి శాఖ కింద ఒక కమిటీ వేసుకున్నారు. యుద్ధం అయ్యేదాకా హక్కుల పోరాటం ఆపాలా అని విద్యార్థుల్లో సర్వే చేశారు. ఆపొద్దనే ఎక్కువమంది చెప్పారు. సభలు పెట్టారు, చందాలు పోగుచేశారు, ప్లకార్డులు రాశారు. ఏ హోటల్‌కి వెళ్లాలో ముందే వెళ్లి చూసొచ్చారు. రమ్మని నోటిమాటగా పిలిచి వదిలేయలేదు. వచ్చేవాళ్లు ప్రతిజ్ఞ కార్డు మీద సంతకం పెట్టాలి. శుభ్రంగా, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకోవాలి. ఎవరు తిట్టినా జవాబివ్వకూడదు, చెయ్యెత్తినా చెయ్యెత్తకూడదు. ఎవరికి తమ కోపం మీద అదుపు లేదో వాళ్లు లోపలికి వెళ్లకుండా వేరే పని తీసుకోవాలి. దీన్ని నేర్పడానికి క్యాంపస్‌లో విడిగా తరగతులు జరిగాయి. లా విద్యార్థులు కూర్చుని వాషింగ్టన్ చట్టంలో ఏది నేరం, ఏది కాదు అని చూసిపెట్టారు.

గాంధీ ప్రభావం ఇందులో ఊహ కాదు. హోవార్డ్ క్యాంపస్ చర్చి పెద్ద హోవార్డ్ థర్మన్ 1936లో బార్డోలీలో గాంధీని కలిసి వచ్చినవాడు. మర్రే సత్యాగ్రహం గురించి చదువుకుని, వర్జీనియా జైల్లో దాన్ని తనే ఆచరించి చూసింది. అయినా ఈ పిల్లలు ఎక్కడిదో ఒక పద్ధతిని దిగుమతి చేసుకున్నారనడం నాకు నచ్చదు. రూత్ పావెల్ ఎవరూ చెప్పకుండానే కూర్చుంది.

మొదటి హోటల్ లిటిల్ ప్యాలెస్ క్యాఫెటీరియా. పద్నాలుగో వీధి, యూ స్ట్రీట్ కలిసే చోట. ఆ చుట్టుపక్కల అంతా నల్లవాళ్ల పేటే, అయినా ఆ హోటల్ తెల్లవాళ్లకే. ఒక శనివారం నేను క్యాంపస్ నుంచి అక్కడికి నడిచాను. ఫౌండర్స్ లైబ్రరీ గడియార స్తంభం వెనక ఉండిపోతుంది, దిగువకి నడుస్తూ ఉంటే యూ స్ట్రీట్ వస్తుంది. హోటల్ ఇప్పుడు లేదు. ఆ కూడలిలో తర్వాత పెద్ద మునిసిపల్ భవనం కట్టారు. నడక తేలికే. కానీ 1943 ఏప్రిల్ 17న వాన పడుతోంది. చేతిలో పుస్తకాలు, లోపల ఏం జరుగుతుందో తెలియదు, అరెస్టయితే చదువు ఏమవుతుందో తెలియదు. ఆ దారిలో చెట్టపట్టాలేసుకుని నవ్వుకుంటూ వెళ్లే ఇప్పటి పిల్లల్ని చూసి, అప్పటివాళ్లు ఏం మాట్లాడుకుంటూ నడిచి ఉంటారో అనుకున్నాను.

చిన్న చిన్న బృందాలుగా, కొన్ని నిమిషాల తేడాతో వెళ్లారు. బృందంలో ముగ్గురు లోపలికి, ఒకరు బయట నిలబడి ఏం జరుగుతోందో చూడాలి. లోపలికెళ్లినవాళ్లు తిండి అడిగారు, లేదనగానే ఖాళీ ట్రేలు పట్టుకుని టేబుళ్ల దగ్గర కూర్చుని పుస్తకాలు తెరిచారు. పోలీసులొచ్చారు. ఎవరూ గొడవ చేయడం లేదు, చదువుకుంటున్నారు. అరెస్టు చేయడానికి ఏమీ దొరకలేదు. చివరికి యజమాని ఆ రోజుకి హోటల్ మూసేశాడు. బయట ప్లకార్డులు లేచాయి. మా వాళ్లు, మా యుద్ధ బాండ్లు, మా అన్నదమ్ములు మీ కోసమే పోరాడుతున్నారు, మేం ఇక్కడ ఎందుకు తినకూడదు అని ఒకదాని మీద. ఈ ఊళ్లో వేరు చేయమనే చట్టం లేదు, మరి నీ సంగతేంటి అని హోటల్ పేరు పెట్టి ఇంకొకదాని మీద. మళ్లీ పికెటింగ్‌కి దిగితే రెండు మూడు రోజుల్లో యజమాని దిగొచ్చాడు. ఆ బృందంలో ఉన్న పట్రీషియా రాబర్ట్స్ అనే అమ్మాయి తర్వాత 1977లో అమెరికా క్యాబినెట్‌లో చేరిన మొదటి నల్లజాతి మహిళ అయింది. పట్రీషియా రాబర్ట్స్ హారిస్ అంటే తెలుస్తుంది.

మరుసటి ఏడాది ఇంకా పెద్దదానికి దిగారు. పెన్సిల్వేనియా అవెన్యూ, పదకొండో వీధి దగ్గరున్న థాంప్సన్స్. డౌన్‌టౌన్ నడిబొడ్డు, రాత్రీ పగలూ తెరిచి ఉండే చౌక రెస్టారెంట్, చాలా ఊళ్లల్లో శాఖలున్న కంపెనీ. 1944 ఏప్రిల్ 22 సాయంత్రం ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురుగా వెళ్లి యాభై మందికి పైగా కూర్చున్నారు. బయట గుంపు చేరి అరుస్తోంది. పికెట్ చేస్తున్న పిల్లల చేతుల్లో “కలిసి చస్తున్నాం, కలిసి తిందాం” అనే ప్లకార్డు ఉంది. అంతలో యూనిఫాంలో ఉన్న నల్ల సైనికులు కూడా లోపలికొచ్చి కూర్చున్నారు. మిలిటరీ పోలీసు అధికారి వచ్చి, సైన్యానికి తలవంపులు వద్దు, మీరు వెళ్లిపోండి అని వాళ్లని అడిగాడు. తెల్ల సైనికుల్ని కూడా పంపితేనే అని పట్టుబట్టారు. చివరికి ఆ అధికారి రంగుతో పనిలేకుండా లోపలున్న సైనికులందరినీ బయటికి పంపాల్సి వచ్చింది. వ్యాపారం పడిపోతూ ఉంటే మేనేజ్‌మెంట్ పై ఆఫీసుకి ఫోన్లు చేసింది. రాత్రి వడ్డించమని ఆర్డర్ వచ్చింది. వడ్డించారు.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే బాగుండేది. హోవార్డ్‌కి సగానికి పైగా డబ్బు అమెరికా కాంగ్రెస్ నుంచి వచ్చేది. వాషింగ్టన్ వ్యవహారాలు చూసే సెనేట్ కమిటీకి అప్పుడు అధ్యక్షుడు మిసిసిపీ సెనేటర్ థియోడోర్ బిల్బో, నల్లవాళ్లంటే బాహాటంగా విషం కక్కే మనిషి. గ్రాంటు పోతుందన్న భయంతో యూనివర్సిటీ పెద్దలే పిల్లల్ని ఆపమన్నారు. పిల్లలు వాదించారు, మీటింగులు పెట్టారు, ఉత్తరాలు రాశారు. బైఠాయింపులు ఆగిపోయాయి. థాంప్సన్స్ మళ్లీ పాత దారి పట్టింది. అప్పటి యూనివర్సిటీ ప్రెసిడెంట్ మోర్డికై జాన్సన్ చిన్న మనిషి కాదు. నాసిరకంగా ఉన్న హోవార్డ్‌ని దేశం గర్వించే యూనివర్సిటీ చేసిన మొదటి నల్లజాతి ప్రెసిడెంట్. 1950 ప్రాంతంలో ఆయన గాంధీ మీద చేసిన ఉపన్యాసం వినే మార్టిన్ లూథర్ కింగ్ గాంధీని చదవడం మొదలుపెట్టాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, యూనివర్సిటీ మూతపడితే వేలమందికి వేరే చోటు లేదు. అయినా ఆపమనడం తప్పేనని నా అభిప్రాయం. పిల్లలు గెలిచి చూపించారు. వాళ్ల వెనక నిలబడాల్సింది. ఈ మాట క్లాసులో చెబితే ఒక అమెరికన్ క్లాస్‌మేట్ ఒప్పుకోలేదు, గంటసేపు వాదించుకున్నాం. మేడమ్ ఇద్దరినీ ఆపలేదు.

థాంప్సన్స్ సంగతి తేలడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. వాషింగ్టన్‌లో 1872, 1873ల్లోనే హోటళ్లు అందరికీ వడ్డించాలనే చట్టాలు చేశారు. ఎవరూ రద్దు చేయలేదు, 1901లో చట్టాలన్నీ ఒకచోట కూర్చిన పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. మేరీ చర్చ్ టెరెల్ అనే పెద్దావిడ 1950లో అదే కంపెనీ వాళ్ల ఇంకో శాఖకి వెళ్లి, కాదనిపించుకుని, ఆ పాత చట్టాల్ని పట్టుకుని పోరాడింది. 1953 జూన్ 8న సుప్రీంకోర్టు ఆ చట్టాలు ఇంకా బతికే ఉన్నాయని ఏకగ్రీవంగా చెప్పింది. టెరెల్‌కి అప్పుడు 89 ఏళ్లు. కొద్ది రోజుల్లోనే తన వాళ్లని వెంటబెట్టుకుని థాంప్సన్స్‌కి వెళ్లి భోంచేసింది. ఆ తీర్పు వచ్చిందని చెప్పగానే నాన్న ముందు అడిగింది, “ఆ హాట్ చాక్లెట్ పిల్లలు అప్పటికి ఎక్కడున్నారు?” అని. వానీటా మారో జీవితాంతం ఉద్యమాల్లోనే ఉంది, యుద్ధాలకి పోయే పన్ను కట్టనని ప్రభుత్వంతో పేచీ పెట్టుకుంది. మిగతా ఇద్దరి కోసం, థాంప్సన్స్‌లో కూర్చున్న యాభై మంది కోసం ఇప్పుడు హోవార్డ్ విద్యార్థుల పత్రిక హిల్‌టాప్ పాత సంచికలు తిరగేస్తున్నాను.